మొదటి రోజును ఖాళీగా ఉంచండి

చంద్రుడి మీదికీ అంగారకుడి మీదికీ మనుషులను పంపే యాత్రలకు రూపకల్పన చేస్తున్న అంతరిక్ష సంస్థలకు, ప్రైవేటు కంపెనీలకు,

నమస్కారం.

కళ్లు తిరుగుతున్నాయని, నడుస్తుంటే కాళ్ల కింద నేల కదులుతోందని వచ్చేవారికి చికిత్స చేయడం నా వృత్తి. రాకెట్ల గురించి మీకు కొత్తగా చెప్పగలిగేంత జ్ఞానం నాకు లేదు. లోపలి చెవి గురించి, అది మొరాయించినప్పుడు మనిషి పడే అవస్థ గురించి మాత్రం చెప్పగలను.

మీరు జనానికి చూపే యానిమేషన్లలో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. నౌక ధూళి రేపుతూ దిగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. వ్యోమగామి నిచ్చెన దిగి, నాలుగు అడుగులు వేసి, జెండా పాతుతాడు. ఆరు నుంచి తొమ్మిది నెలలు భారరహిత స్థితిలో ప్రయాణించి అంగారకుడిని చేరిన మనిషి, దిగిన గంటలోనే అంత హాయిగా నడుస్తాడని నమ్మడానికి ఇంతవరకు జరిగిన కొలతల్లో ఆధారం లేదు. ఈ సంగతి మీ వైద్య విభాగాలకు నాకంటే బాగా తెలుసు, కొలిచింది వాళ్లే. వాళ్లకు తెలిసినది సమయపట్టిక రాసేవారి బల్ల మీదికి చేరి, అక్కడ గంటలుగా, నిమిషాలుగా మారాలన్నదే నా మనవి.

చెవి లోపల సమతుల్యతను చూసే పనిముట్లు రెండు రకాలు. మూడు అర్ధవృత్తాకార నాళాలు తల ఎటు తిరుగుతోందో, ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతాయి. వాటిని ఆనుకుని ఉన్న రెండు చిన్న సంచుల్లో, జిగురు లాంటి పొర మీద, సన్నని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు పరుచుకుని ఉంటాయి. వాటిని ఓటోలిత్‌లు అంటారు. తల వంచితే వాటి బరువుకు పొర పక్కకు జారి కింద ఉన్న రోమకణాలను వంచుతుంది. తల వంగిందన్న కబురు మెదడుకు చేరుతుంది. చిక్కల్లా ఒక్కటే. తల నిటారుగానే ఉండి, మనిషి ఒక్కసారిగా ముందుకో పక్కకో జరిగినా ఆ పొర అలాగే జారుతుంది. వంగడానికీ జరగడానికీ తేడా ఓటోలిత్‌లకు తెలియదు. దాన్ని చెవి లోపం అనలేం. గురుత్వాకర్షణనూ త్వరణాన్నీ ఏ పరికరమూ తనంతట తాను విడదీసి చెప్పలేదన్న ఐన్‌స్టీన్ తుల్యతా సూత్రం చెవికీ వర్తిస్తుంది, అంతే. తేడా తేల్చవలసింది మెదడు. నాళాలు చెప్పింది, కళ్లు చూసింది, అరికాళ్లకు తగిలింది పోల్చుకుని అది ఒక నిర్ణయానికి వస్తుంది.

కక్ష్యలో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. అక్కడ తల ఎంత వంచినా స్ఫటికాలు జారవు. జారాయంటే, శరీరం ఎటో జరిగిందనే అర్థం. కొన్ని రోజుల్లో మెదడు ఈ కొత్త నియమాన్ని ఒంటపట్టించుకుని, ఓటోలిత్‌ల నుంచి వచ్చే ప్రతి కబురునూ జరగడం గానే లెక్కవేస్తుంది. 1980లలో శాస్త్రవేత్తలు ముందుకు తెచ్చిన వివరణ ఇది. అన్ని లక్షణాలనూ అది విప్పి చెప్పలేదు గానీ, తిరిగొచ్చినవారి అనుభవానికి చాలా దగ్గరగా ఉంది. భూమి మీద దిగాక వ్యోమగామి తల కాస్త వంచితే, తానో తన చుట్టూ ఉన్న గదో ఒక్క ఊపున జరిగిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే మొదటి రోజుల్లో వాళ్లు మెడ బిగబట్టి, తలా మొండెమూ కలిపి తిప్పుతూ, కాళ్లు ఎడంగా వేసి నడుస్తారు. మలుపు దగ్గర గోడకు తగులుతారు.

మార్పు మెదడుకే పరిమితం కాదు. 1998లో అమెరికా వ్యోమనౌక షటిల్ యాత్రల్లో టోడ్‌ఫిష్ అనే చేపలను పంపి, తిరిగొచ్చాక వాటి చెవి నరాల స్పందనను కొలిచారు. మొదటి రోజున ఆ నరాలు మామూలు కంటే చాలా తీవ్రంగా స్పందించాయి. దాదాపు 30 గంటలకు సర్దుకున్నాయి. బరువు కబురు అందని చెవి తన సున్నితత్వాన్ని పెంచుకుందన్నమాట. చేపకూ మనిషికీ ఈ అవయవం ఒకే నమూనాలో ఉంటుంది కాబట్టి నేను దీన్ని తేలిగ్గా తీసుకోను.

చెవి విషయంలో లెక్కలను నమ్మి కొలతలను పక్కన పెట్టేవారికి ఒక పాత ముచ్చట గుర్తు చేయాలి. చెవిలో వేడి నీళ్లో చల్లని నీళ్లో పోస్తే కళ్లు లయగా ఒక పక్కకు కొట్టుకుంటాయి. మేం ఇప్పటికీ చేసే పరీక్షే ఇది. నాళంలో వేడెక్కిన ద్రవం తేలికై పైకి లేస్తుంది, ఆ ప్రవాహమే నాళాన్ని కదిలిస్తుంది అని వివరించిన రాబర్ట్ బారానీకి 1914 నోబెల్ బహుమతి దక్కింది. బరువే లేని చోట తేలిక ద్రవం పైకి లేవడమన్న మాట ఉండదు, కాబట్టి కళ్లు కదలకూడదు. 1983లో షటిల్ మోసుకెళ్లిన స్పేస్‌ల్యాబ్-1 ప్రయోగశాలలో చెవిని వేడి చేసి చూశారు. కళ్లు కదిలాయి. ఏడు దశాబ్దాల నమ్మకంలో సగం మాత్రమే నిజమని ఒక్క ప్రయోగం తేల్చింది. దిగిన వెంటనే మనిషి ఏం చేయగలడన్న ప్రశ్నకు కూడా కంప్యూటర్ నమూనాలు జవాబు చెబుతాయని మీలో ఎవరైనా అంటే, నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది.

ఇక కళ్లు. నడుస్తున్నప్పుడు తల ప్రతి అడుగుకూ ఎగిరి పడుతుంది, అయినా ఎదుటి అక్షరాలు చెదరవు. తల కదిలిన సెకనులో వందో వంతు లోపే చెవి కళ్లను ఎదురు దిశలో తిప్పుతుంది కాబట్టి. తలను భుజం వైపు వంచితే కళ్లు కొద్ది డిగ్రీలు ఎదురుగా మెలి తిరుగుతాయి. ఆ మెలిక ఓటోలిత్‌ల చలవ. ఆరు నెలలు కక్ష్యలో గడిపినవారిలో ఆ మెలిక తిరిగొచ్చిన మొదటి రోజుల్లో తగ్గిపోయి, వారం పది రోజుల్లో మళ్లీ కుదురుకోవడాన్ని పరిశోధకులు నమోదు చేశారు. ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ అక్షరాలు చదవమన్నప్పుడు, నిలబడి బాగా చదివినవారే తడబడ్డారు. సుదీర్ఘ యాత్రల్లో కంటి నరం దగ్గర వాపు రావడం, కనుగుడ్డు వెనుక భాగం చదునవడం వేరే సమస్య. దాన్ని ఇక్కడికి లాగను. నేను చెబుతున్నది చూపు నిలకడ గురించి. కన్ను ఎంత ఆరోగ్యంగా ఉన్నా, దాన్ని నిలిపి ఉంచే చెవి తప్పు చెబితే మీటరు మీది అంకెలు అలుక్కుపోతాయి.

ఆ మీటరు చూడవలసిన మనిషి నౌక నడిపేవాడైతే? షటిల్‌ను చివరి నిమిషాల్లో కమాండరే చేత్తో దింపేవారు. ఆ దిగుళ్లను పరిశీలించినప్పుడు, తల తిరుగుడు లక్షణాలు ఎక్కువగా ఉన్న కమాండర్లు మొత్తం మీద తక్కువ ఎత్తున వచ్చి, ఎక్కువ వేగంతో, గట్టిగా దింపినట్టు కనిపించింది. వారంతా ఆరితేరిన పైలట్లు. యాత్రలు కూడా ఒకటి రెండు వారాలవే. నెలల తరబడి భారం ఎరగని మనిషికి, అత్యవసరమైతే చేత్తో దింపే బాధ్యత మీ పత్రాల్లో అప్పగించేటప్పుడు ఆ ఫలితాన్ని పక్కన పెట్టుకోండి. దిగే వేళ తల పైకెత్తి నొక్కవలసిన మీట ఒక్కటి కూడా ఉండకూడదని నేనైతే పట్టుబడతాను.

నిలబడటం, నడవడం మరీ కష్టం. 1970 జూన్‌లో సోయుజ్-9 నౌకలో 18 రోజుల దాకా ఉండి వచ్చిన సోవియట్ వ్యోమగాములు నికొలాయెవ్, సెవస్త్యానోవ్ తమంతట తాము నిలబడలేకపోయారు. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నుంచి వచ్చినవారిని సన్నని పట్టాల మీద మడమకు వేళ్లు ఆనించి నిలబడమన్నారు. కళ్లు తెరిచినప్పుడు ఫరవాలేదు గానీ, కళ్లు మూసుకోగానే వారి పట్టు దారుణంగా తప్పింది. 2013 నుంచి అమెరికా, రష్యా శాస్త్రవేత్తలు కజఖ్‌స్థాన్ గడ్డి మైదానంలో సోయుజ్ దిగిన చోటే గుడారం వేసి, కుర్చీలోంచి లేవడం, బోర్లా పడుకుని లేచి నిలబడటం, అడుగు వెంట అడుగు ఆనించి నడవడం పరీక్షించడం మొదలుపెట్టారు. వికారంతో పరీక్ష మధ్యలో ఆపేసినవారూ ఉన్నారు. అంతకుముందు ఈ కొలతలు చాలావరకు మర్నాడో ఆ తర్వాతో జరిగేవి. అప్పటికి పరిస్థితి కొంత తేరుకునేది. అసలు ప్రమాదం ఉన్న గంటలను కొలవకుండానే దశాబ్దాలు గడిచాయన్నమాట.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. రష్యా వ్యోమగామి వలేరి పొల్యకోవ్ ఆ దేశపు మిర్ అంతరిక్ష కేంద్రంలో 437 రోజులు ఏకబిగిన గడిపి 1995 మార్చిలో దిగినప్పుడు, తనను మోయనివ్వకుండా నౌక నుంచి కొద్ది దూరంలోని కుర్చీ దాకా నడిచారు. అంగారకుడి మీద మనిషి పని చేయగలడని చూపాలన్నదే ఆయన పట్టుదల. స్వయంగా వైద్యుడు, కక్ష్యలో వ్యాయామాన్ని దీక్షగా చేసిన మనిషి. ఆయన సాధించింది చిన్న విషయం కాదు. అయితే ఆ కుర్చీ అక్కడ వేసి ఉంది. చుట్టూ పట్టుకునే చేతులున్నాయి. అంగారకుడి మీద కుర్చీ వేసేవారు, చేయి అందించేవారు ఎవరు? అక్కడ బరువైన సూటు తొడుక్కోవాలి. అందులోంచి తన పాదాలే తనకు సరిగా కనబడవు. పడితే చిరిగేది బట్ట కాదు, ప్రాణం. అసాధారణమైన ఒక మనిషి వేసిన కొద్ది అడుగులను చూపించి, యాత్రికులందరూ అలాగే నడుస్తారనడం నేల విడిచి సాము చేయడమే.

అంగారకుడి మీద భారం మనదాంట్లో 38 శాతం, చంద్రుడి మీద 17 శాతం కంటే కాస్త తక్కువ. మనిషిని గుండ్రంగా తిప్పి కృత్రిమంగా భారం కలిగించే సెంట్రిఫ్యూజ్ యంత్రంతో చేసిన ప్రయోగాల్లో, ఎటు కిందో ఎటు పైనో శరీరానికి తెలియడానికి కావలసిన కనీస బలం భూమి భారంలో 15 శాతం దగ్గర తేలింది. అంటే చంద్రుడు సరిగ్గా ఆ గీత అంచున ఉన్నాడు. అపోలో వ్యోమగాములు మాటిమాటికీ పడ్డారు. వీడియోలు చూసి అందరం నవ్వుకున్నాం కూడా. పడినవారు అనుభవం లేనివారు కారు, ఏళ్ల శిక్షణ పొందినవారు. చెట్టూ చేమా, గాలి మసక లేని చోట దూరాలు కూడా మోసం చేస్తాయి. 1971లో అపోలో-14 వ్యోమగాములు షెపర్డ్, మిచెల్ కోన్ అనే బిలం అంచు కోసం వాలు ఎక్కి, ఎక్కడున్నారో తేలక వెనుదిరిగారు. అంచుకు వాళ్లు కొన్ని పదుల మీటర్ల దూరంలోకే వచ్చారని తర్వాత తెలిసింది. దీనికి చెవిని తప్పుబట్టలేం, మోసపోయింది కళ్లు. కానీ చెవి సరిగా చెప్పని రోజున మనిషికి మిగిలే ఆధారం ఆ కళ్లే కదా.

ఇంత తెలిసీ సమయపట్టికలు ఎందుకు మారవు? నాకు తోచే కారణం ఒకటి: ఈ బాధను బయటికి చెప్పడం వ్యోమగామికి ఎప్పుడూ లాభించలేదు. 1961 ఆగస్టులో 25 గంటల పాటు కక్ష్యలో తిరిగిన సోవియట్ వ్యోమగామి గెర్మన్ టిటోవ్, తలకిందులుగా ఎగురుతున్నట్టు అనిపించిందని, వికారం కలిగిందని చెప్పారు. అంతరిక్ష వికారం అనుభవించిన మొదటి మనిషి ఆయన. 1969లో అపోలో-9లో రస్టీ ష్వైకార్ట్‌కు వాంతులు కావడంతో ఆయన అంతరిక్ష నడకను కుదించారు. ఆయన మళ్లీ అంతరిక్షంలోకి వెళ్లలేదు. కారణం ఏదైనా, చూస్తున్న తోటివారు ఏ పాఠం నేర్చుకుని ఉంటారో ఊహించవచ్చు. 1973లో స్కైలాబ్ చివరి బృందం మొదటి రోజున విలియం పోగ్‌కు వాంతి అయితే, ముగ్గురూ కలిసి దాన్ని కింద చెప్పకూడదనుకున్నారు. వాళ్ల మాటలు టేపు మీద రికార్డయి భూమికి చేరాయి, బహిరంగంగానే చీవాట్లు పడ్డాయి. ఆ చీవాట్లు దాచినందుకే కావచ్చు. దాచాలని ఎందుకు అనిపించిందన్నది కదా అడగవలసిన ప్రశ్న. అంతరిక్షానికి వెళ్లేవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి మొదటి రెండు మూడు రోజుల్లో ఈ వికారం వస్తుంది. అంతమందికి వచ్చేదాన్ని బలహీనత అనడంలో అర్థం లేదు.

నిజానికి అది మెదడు చురుకుగా నేర్చుకుంటోందనడానికి గుర్తు. స్కైలాబ్‌లో కుదురుకున్నాక వ్యోమగాములను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి తల అటూ ఇటూ వంచమన్నారు. భూమి మీద ఇదే పనికి కడుపులో తిప్పినవారు అక్కడ నిక్షేపంగా ఉన్నారు. మెదడు అక్కడి పద్ధతి నేర్చింది. అయితే పాతది పూర్తిగా మరవలేదు: నాడీ వ్యవస్థను పరిశోధించడానికి 1998లో జరిగిన న్యూరోల్యాబ్ షటిల్ యాత్రలో, పైనుంచి సమవేగంతో వచ్చే బంతిని పట్టుకోమంటే వ్యోమగాముల చేతులు ముందే కదిలాయి, బంతి ఇంకా భూమి లాగుడుకు వేగం పుంజుకుంటుందన్నట్టు. కొత్త గ్రహం మీద దిగినప్పుడు ఈ రెండు లెక్కల్లో ఏదీ చెల్లదు. మూడోది నేర్చుకోవాలి. దానికి వేళ కావాలి, మెల్లగా తల కదిపే అభ్యాసం కావాలి. నా దగ్గరకు వచ్చే రోగులకు నేను చేయించేదీ అదే. మంచం మీద కదలకుండా పడుకుంటే చెవి జబ్బు నయం కాదు, పరిగెత్తిస్తే పడిపోతారు.

చెవి అసలు పనిచేయని మనుషులతో మీ రంగానికి పాత బంధం ఉంది. 1950ల చివరి నుంచి అమెరికా నౌకాదళ శాస్త్రవేత్తలు బధిరుల కోసం నడిచే గ్యాలడెట్ కళాశాలకు చెందిన 11 మందిని పరీక్షించారు. వారిలో ఒక్కరు తప్ప అందరూ మెదడు పొరల వాపు వల్ల వినికిడితో పాటు సమతుల్యతా అవయవాన్నీ కోల్పోయినవారే. గిర్రున తిరిగే గదిలో రోజుల తరబడి ఉంచినా వారికి వికారం రాలేదు. తుపాను సముద్రంలో ఓడెక్కిస్తే వాళ్లు పేకాడుకుంటూ కూర్చున్నారు, పరీక్షించవలసిన శాస్త్రవేత్తలే వాంతులతో పడకేశారు. వాళ్లకు అంతరిక్షానికి వెళ్లే అవకాశం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. కళ్లతో, కాళ్లతో సమతుల్యత నిలుపుకోవడం చిన్నప్పుడే నేర్చుకున్నవారు ఒకరైనా బృందంలో ఉంటే మొదటి రోజున ఎంత ఉపయోగమో మీ ఎంపిక సంఘాలు ఎప్పుడైనా ఆలోచించాయా?

నేను అడుగుతున్నవి ఖర్చుతో కూడినవి కావు, ఒకటి తప్ప. దిగిన మొదటి రోజు నౌక బయట పని పెట్టకండి. వారంలోపు ఒంటరిగా ఎవరినీ బయటికి పంపకండి. కొన్ని నమూనాల్లో తలుపు నేలకు ఎన్నో అంతస్తుల ఎత్తున ఉంది. అక్కడి నుంచి దిగే లిఫ్టు ఆగిపోతే తూలుతున్న మనిషి ఎలా దిగాలో ఇప్పుడే గీసి చూపండి. లోపలి గదులకు ఒకే పైకప్పు, ఒకే నేల ఉండనివ్వండి: స్కైలాబ్‌లో గోడ చుట్టూ అన్ని దిక్కులా పరికరాలు బిగించిన భాగం కంటే, నేలా కప్పూ ఉన్న భాగమే వ్యోమగాములకు నచ్చింది. చీకటి పడి నౌక గిరగిర తిరిగే వేళ ఇది ఇష్టాయిష్టాల సంగతిగా మిగలదు. 1997 జూన్‌లో సరుకు నౌక ఢీకొని మిర్ కేంద్రం కరెంటు కోల్పోయినప్పుడు, అందులో ఉన్న అమెరికా వ్యోమగామి మైకేల్ ఫోల్ కిటికీ దగ్గర బొటనవేలు చాపి, నక్షత్రాలతో పోల్చి, కేంద్రం తిరిగే వేగాన్ని అంచనా వేశారు. అంతటి స్థిమితం అందరికీ ఉంటుందని లెక్కవేసుకోవద్దు.

శిక్షణలో ఆ తూలుడును ముందే రుచి చూపండి. చెవి వెనుక ఎలక్ట్రోడ్లు పెట్టి స్వల్ప విద్యుత్తు పంపితే, ఇప్పుడే అంతరిక్షం నుంచి దిగినట్టే మనిషి తడబడతాడు. ఆ స్థితిలో సిమ్యులేటర్‌లో నౌకను దింపే సాధన చేయించవచ్చు. సముద్రంలో దిగే నౌకల విషయంలో అలల ఊపును కూడా కలుపుకోండి. అంతరిక్షం దెబ్బ మీద సముద్రం దెబ్బ.

ఖర్చయ్యేది సెంట్రిఫ్యూజ్. న్యూరోల్యాబ్‌లో నలుగురు వ్యోమగాములను అప్పుడప్పుడు కాసేపు అందులో తిప్పారు, తిరిగొచ్చాక వారి కళ్ల మెలిక తగ్గలేదు. నలుగురితో ఏదీ తేలదని నాకూ తెలుసు. తిరిగే చోట తల తిప్పితే కలిగే వికారం సంగతీ తెలుసు. అయినా ఆ ఫలితం వచ్చి పాతికేళ్లు దాటింది. దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించకుండా నెలల యాత్రకు మనుషులను ఎక్కించడం నాకు మింగుడు పడటం లేదు.

ప్రైవేటు కంపెనీలకు ప్రత్యేకంగా ఒక మాట. మీ ప్రయాణికులు వయసులో, ఆరోగ్యంలో ఎంపిక చేసిన వ్యోమగాముల్లాంటి వారు కారు. వారిలో ఎవరికి వికారం వచ్చింది, ఎవరు ఎంతసేపటికి నిలబడ్డారు అన్న వివరాలు వ్యాపార రహస్యాలుగా మిగిలితే తర్వాతి ప్రయాణికుడికి నష్టం. పేర్లు తీసేసి అందరికీ అందుబాటులో పెట్టండి. ప్రభుత్వ సంస్థలు కూడా, లక్షణాలు చెప్పినందువల్ల తర్వాతి యాత్రకు అవకాశం పోదని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. అది లేనంత కాలం మీకు అందే లెక్కలు తక్కువే చెబుతాయి.

ఈ లేఖకు జవాబుగా నాకు ఉత్తరం అక్కర్లేదు. అంగారక నౌక నేలను తాకిన క్షణం నుంచి మొదటి 24 గంటల సమయపట్టికను ప్రచురించండి. అందులో నలుగురి బృందంలో ఇద్దరు లేచి నిలబడలేకపోతే మిగిలిన ఇద్దరు ఏయే పనులు చేస్తారో, ఏయే పనులు మానేస్తారో రాయండి.

ఇట్లు,
సమతుల్యతా లోపాలకు చికిత్స చేసే ఒక వైద్యురాలు